జ్వరంలో ఫిట్స్ వస్తే 108కి వెంటనే చేయాలా, ఐదు నిమిషాలు ఆగాలా?

గట్టుమీద: రెండేళ్ల పాపకి 103 జ్వరం, ఫిట్స్ మొదలయ్యాయనుకుందాం. ఐదు నిమిషాలు దాటితేనే 108 అంటారు కొందరు. క్షణం ఆగొద్దంటారు ఇంకొందరు. ఏది నమ్మాలి?

నర్సక్క: ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరం ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ముందు గడియారం చూడండి, కంగారులో అర నిమిషం కూడా పది నిమిషాల్లా ఉంటుంది. చొంగ, వాంతి బయటికి కారిపోయేలా పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో స్పూను, నీళ్లు, సిరప్ ఏవీ వద్దు. చేతిలో తాళంచెవులు పెట్టేసరికి ఎలాగూ ఆగే టైమవుతుంది, పేరు తాళానికొస్తుంది. ఐదు నిమిషాలు దాటితే 108.

పల్లెగాలి: టౌన్లో సరే అక్కా. మండల కేంద్రానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో ఐదు దాటాక ఫోన్ చేస్తే బండి ఎప్పుడొస్తుంది? మొదలవగానే చేయాలి. అవసరం లేకపోతే మళ్లీ చేసి వద్దని చెప్పొచ్చు.

నర్సక్క: ఆ లోపు ఆ బండి ఇంకెక్కడో యాక్సిడెంట్‌కి కావాల్సొస్తే?

కొలతబద్ద: ఇద్దరూ రెండు వేర్వేరు పిల్లల గురించి మాట్లాడుతున్నారు. ఐదు నిమిషాల మాట ఇదివరకు ఫిట్స్ వచ్చి, డాక్టర్ చూసి చెప్పిన పిల్లలకి. బ్రిటన్‌లో కూడా మొదటిసారైతే వెంటనే 999కి చేయమంటారు. మొదటిసారి వచ్చింది జ్వరం ఫిట్టో, మెదడువాపో ఇంట్లో తేల్చలేం. కాబట్టి మొదటిసారికి పల్లెగాలి గారిదే రైటు. పాతవాళ్లకైనా ఒక పక్కే కొట్టుకున్నా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా, ఆగాక తేరుకోకపోయినా ఐదు నిమిషాల లెక్క వదిలేయండి.

ఇదివరకు వచ్చినవాళ్లలో కొందరికి డాక్టర్లు ఫిట్స్ ఆపే మందు, మిడజోలం ముక్కు స్ప్రే రాస్తారు. మామూలుగా కిలో బరువుకి 0.2 మిల్లీగ్రాములు. 10 కిలోల పాపకి 2 మిల్లీగ్రాములు, అంటే నొక్కుకి 0.5 మిల్లీగ్రాములు వచ్చే స్ప్రే అయితే నాలుగు నొక్కులు. నొక్కుకి 1.25 మిల్లీగ్రాములు వచ్చేది కూడా దొరుకుతుంది, దాంతో నాలుగు కొడితే డోసు రెండున్నర రెట్లు. ఎన్ని నొక్కులో సీసా మీదే రాయించుకోండి.

పల్లెగాలి: 108 రావడానికి గంట పడుతుందంటే బైక్ మీద తీసుకెళ్లొచ్చా?

నర్సక్క: వద్దు. ఇద్దరి మధ్య ఇరికిస్తే మెడ వంగి గాలి ఆగుతుంది. కారో ఆటోనో చూసుకుని, వెనక సీట్లో పక్కకి తిప్పి పడుకోబెట్టి ఒకరు పట్టుకోవాలి. ఏ రోడ్డున వస్తున్నారో 108కి చెబితే దారిలో ఎదురు రాగలరేమో అడగొచ్చు. మొదటిసారి వచ్చే పిల్లల సంగతి ఇందాక మర్చిపోయాను, కొలతబద్ద గారి మాటే నాది కూడా.

కొలతబద్ద: ఆగిపోయిన ఫిట్‌కి వీధంతా పరిగెత్తుతారు, డొక్కలెగరేస్తున్న పిల్లకి మాత్రం తెల్లారనిద్దాం అంటారు. నాకైతే రెండోదే ఎక్కువ భయం. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. అంతకి తగ్గకపోతే ఆ రోజే ఆసుపత్రి. డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా 108.

నర్సక్క: ఫోన్లో ఊరు, గుర్తు, వయసు, ఫిట్స్ ఇంకా ఉన్నాయా, ఊపిరి ఉందా, ఇవి ముందు చెప్పండి. తర్వాత ఆ ఫోన్‌తో మేనమామకి చేయకండి, డ్రైవర్ దారి అడగడానికి దానికే చేస్తాడు.