ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

ప్రశ్న:
మా చెల్లెలికి కొన్ని నెలలుగా వేళ్ల కీళ్లలో నొప్పి ఉంటోంది. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోతున్నాయి, ఎండలోకి వెళ్లివస్తే బుగ్గలు ఎర్రబడుతున్నాయి. రక్తపరీక్షలో ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకాలకు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలు) పాజిటివ్ వచ్చింది. ఇది లూపసేనా (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే జబ్బు)? లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడితే చూపు పోతుందని ఎవరో చెప్పడంతో ఇంట్లో అందరమూ భయపడుతున్నాము. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ఏఎన్ఏ ఒక్కటే చూసి లూపస్ అని నిర్ధారించడానికి వీల్లేదండీ. ఆరోగ్యవంతుల్లోనూ, థైరాయిడ్ జబ్బులున్నవారిలోనూ అది పాజిటివ్ రావచ్చు. 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లు, రోగనిరోధక సంబంధ జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి రూపొందించిన ప్రమాణాల్లో ఏఎన్ఏ కనీసం 1:80 (రక్తాన్ని 80 రెట్లు పలుచన చేసినా కనిపించడం) ఉండడం తొలిమెట్టు మాత్రమే. చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, రక్తకణాలలో కనిపించే మార్పులకు మార్కులు వేసుకుంటూ పోతే మొత్తం 10కి చేరాలి. ఆ ఎరుపు ముక్కు పక్కనుంచి పెదవుల వైపు దిగే మడతల్లోకి కూడా పాకిందేమో గమనించండి. లూపస్ దద్దు సాధారణంగా ఆ మడతలను వదిలేస్తుంది. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, యాంటీ స్మిత్ (లూపస్‌లో కనిపించే యాంటీబాడీలు), సీ3, సీ4 (జబ్బు చురుగ్గా ఉంటే తగ్గే రక్తప్రోటీన్లు) పరీక్షల ఫలితాలతో రుమటాలజిస్టును కలవడం మంచిది.

జవాబు 2:
పై సలహాకు మూత్రపరీక్షను తప్పకుండా చేర్చండి. కీళ్లనొప్పి మనల్ని డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తుంది కానీ, మూత్రపిండాలకు లూపస్ సోకినప్పుడు తొలిదశలో నొప్పి గానీ, ఇతర బాధ గానీ ఉండకపోవచ్చు. మూత్రంలో నురగ, కాళ్లవాపు, రక్తపోటు పెరగడం కనిపించేసరికే నష్టం మొదలై ఉండవచ్చు. ప్రోటీన్ రోజుకు అర గ్రాముకు మించి పోతున్నట్టు తేలితే డాక్టర్లు సాధారణంగా కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయిస్తారు. అందులో తేలిన కిడ్నీ జబ్బు తరగతిని బట్టే మైకోఫెనొలేట్ వంటి, రోగనిరోధక శక్తిని అణచే మందులు నిర్ణయిస్తారు. నిర్ధారణ అయ్యాక కూడా ఈ పరీక్షను మానకూడదు.

జవాబు 3:
నేను చాలా ఏళ్లుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. రెటీనా (కంటి వెనుక పొర)పై దాని ప్రభావం నిజమే, కానీ అది మోతాదును, వాడిన కాలాన్ని బట్టి ఉంటుంది. శరీర బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా చూసి, మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తరువాత ఏటేటా కంటి పరీక్ష చేయిస్తారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఇంకా ముందునుంచే చేయించాలి. ఆ భయంతో మందు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదమే ఎక్కువ. స్టెరాయిడ్ ఇచ్చినట్లయితే దాన్ని డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించుకోవాలే తప్ప ఒక్కసారిగా మానకూడదు. గర్భం ధరించాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ సాధారణంగా కొనసాగిస్తారు, మైకోఫెనొలేట్‌ను మాత్రం గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపి వేరే మందుకు మార్చాలి.