టీవీకి మీడియా పీసీ: పాత ఐ5 చాలా, కొత్త ప్రాసెసర్ కొనాలా?

పాతడబ్బా:
హాయ్ అందరికీ. ఇంట్లో ఖాళీగా పడున్న డెస్క్‌టాప్ ఒకటుంది, ఐ5-6500, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఏం లేదు. దాన్ని హాల్లో 4కె టీవీకి తగిలించి సినిమాలు, ఫ్యామిలీ వీడియోలు అన్నీ అందులోంచే చూద్దామని ప్లాన్. విండోస్ 10 మీద వీఎల్‌సీ వేసి చూశా, 1080పి అయితే శుభ్రంగా ఆడుతోంది, 4కె ఫైల్ పెట్టగానే బొమ్మ ఆగి ఆగి వస్తోంది, మాట ముందెళ్ళిపోతోంది, సీపీయూ 100 శాతం దగ్గర కూర్చుంటోంది, ఇక ఫ్యాన్ మోత సరేసరి. 8 కోర్ల రైజెనో ఐ7నో తీసుకుంటే తీరుతుందా? సాఫ్ట్‌వేర్ అడిగితే కోడి, ప్లెక్స్, జెల్లీఫిన్ అని తలా ఒకటి చెప్తున్నారు, దేనికేది అర్థం కావట్లా. అమ్మ కూడా వాడాలి కాబట్టి రిమోట్ ఉండాల్సిందే, కీబోర్డ్ ఇస్తే టీవీ చూడ్డమే మానేస్తుంది.

డీకోడర్‌పిచ్చి:
బ్రో, ముందు కోర్ల లెక్క పక్కన పెట్టు. వీడియో ఆడించడం అసలు సీపీయూ పని కాదు, గ్రాఫిక్స్‌లో దానికోసమే డీకోడర్ (కుదించిన వీడియోని విప్పే భాగం) ఉంటుంది, అది ఆ ఫార్మాట్ తీయలేనప్పుడే భారం అంతా సీపీయూ మీద పడుతుంది. నీ 6వ తరం చిప్ హెచ్.264, 8 బిట్ హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్లని హాయిగా తీస్తుంది, కానీ 4కె హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపించేవి) ఫైళ్ళు ఎక్కువగా 10 బిట్ హెచ్‌ఈవీసీలో ఉంటాయి, అది పూర్తిగా హార్డ్‌వేర్‌లో రావడం 7వ తరం నుంచే. ఏవీ1 అనే ఇంకా కొత్త ఫార్మాట్ కావాలంటే 11వ తరం దాకా ఆగాలి. ఏఎండీలోనూ ఇదే గోల, రైజెన్ 5600జి కి 6 కోర్లున్నా ఏవీ1 డీకోడ్ లేదు, 8600జి కి ఉంది. అదే ఇంటెల్ ఎన్100 చూడు, 4 చిన్న కోర్లు, 6 వాట్ల చిప్, కానీ ఇవన్నీ తీస్తుంది. సినిమాలు చూడ్డానికే అయితే ఐ7 శుద్ధ దండగ, నా మాట విను. ఒకవేళ ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పే కొంటే పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం వద్దు, అందులో గ్రాఫిక్సే ఉండదు.

కొనేముందు ఒకటి చెయ్. ఆ ఫైల్ ఆడుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కు, వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ కనిపిస్తుంది. అది నేలమీదే ఉండి సీపీయూ ఒక్కటే పైకి లేచిందంటే విషయం అదే. వీఎల్‌సీ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి ఉందేమో కూడా చూడు, అదైతే ఖర్చు లేకుండానే సమస్య తీరిపోతుంది.

కేబుల్‌రావు:
పైన చెప్పింది కరెక్టే, కానీ హెచ్‌డీఎంఐ సంగతి ఎవరూ అడగలేదేంటి? ఆ తరం బోర్డుల్లో మామూలుగా హెచ్‌డీఎంఐ 1.4 ఉంటుంది, అంటే 4కె లో 30 హెర్ట్జ్ (సెకనుకి 30 బొమ్మలు) దాటదు, హెచ్‌డీఆర్ కూడా పోదు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే హెచ్‌డీఎంఐ 2.0 యాక్టివ్ అడాప్టర్ పెట్టి 60 హెర్ట్జ్ తెచ్చుకోవచ్చు గానీ డీకోడర్ బాధ ఎలాగూ తీరదు. పైగా విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11 చూస్తే 6వ తరాన్ని అధికారికంగా ఒప్పుకోదు. 1080పి తో సరిపెట్టుకుంటానంటే లిబ్రెలెక్ (కోడి ప్లేయర్ కోసమే చేసిన చిన్న లినక్స్) వేసెయ్, స్విచ్ వెయ్యగానే నేరుగా కోడిలోకి వెళ్తుంది, మధ్యలో డెస్క్‌టాప్ అనేదే కనపడదు.

పాతడబ్బా:
థాంక్స్ ఇద్దరికీ. చూశా, వీడియో డీకోడ్ గ్రాఫ్ అస్సలు కదల్లేదు, వీఎల్‌సీలో ఆప్షన్ ఆన్‌లోనే ఉంది, ఫైల్ 10 బిట్టే. ఎన్100 మినీ పీసీకే ఫిక్స్ అవుతున్నా. మరి లిబ్రెలెక్‌లో నెట్‌ఫ్లిక్స్ వస్తుందా?

రిమోట్‌రాణి:
లినక్స్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కె రాదండి. విండోస్‌లో ఎడ్జ్ గానీ వాళ్ళ యాప్ గానీ ఉండాలి, అక్కడా కాపీ రక్షణ షరతులు సవాలక్ష. ఓటీటీలన్నీ టీవీలో ఉన్న యాప్‌లకే వదిలేయండి, పీసీ మీ సొంత ఫైళ్ళకి ఉంచండి, దాంతో సగం తలనొప్పి పోతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే కోడి అంటే టీవీ ముందు కూర్చుని చూసే ప్లేయర్. ప్లెక్స్, జెల్లీఫిన్ సర్వర్లు, ఒక చోట ఫైళ్ళు పెట్టి ఫోన్‌లో, ఇంకో రూమ్ టీవీలో చూడాలంటే అవి. ఒక్క టీవీకే అయితే కోడి చాలు, సర్వర్ కావాలంటే నా ఓటు జెల్లీఫిన్‌కే, 2018 చివర్లో ఎంబీ అనే ఇంకో సర్వర్ నుంచి విడిపోయి వచ్చింది, హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ (చూసే ఫోన్‌కో టీవీకో తగ్గట్టు ఫైల్‌ని మార్చి పంపడం) కూడా ఉచితమే, ప్లెక్స్‌లో దానికి పాస్ కొనాలి.

కోడి వేశాక ప్లేయర్ సెట్టింగ్స్‌లో వీడియోస్ కింద రిఫ్రెష్ రేట్ సర్దుబాటు ఆప్షన్ ఆన్ చేయండి, లేకపోతే 24 ఫ్రేముల సినిమా 60 హెర్ట్జ్‌లో ఆడి కెమెరా పక్కకి జరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది, చాలామంది దానికి ప్రాసెసర్‌ని తిట్టుకుంటారు పాపం. వీడియో ఆడుతుండగా కీబోర్డ్‌లో O అక్షరం నొక్కితే డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూనో (హార్డ్‌వేర్) ఎస్‌డబ్ల్యూనో (సాఫ్ట్‌వేర్) చూపిస్తుంది, హెచ్‌డబ్ల్యూ ఉండాలి.

రిమోట్‌కి ఫ్లర్క్ అనే యూఎస్‌బీ రిసీవర్ దొరుకుతుంది, ఇంట్లో పాత ఐఆర్ రిమోట్ ఏదైనా దానికి బటన్లు నేర్పించుకోవచ్చు. టీవీ రిమోటే కావాలంటే సీఈసీ (రిమోట్ నొక్కుళ్ళని హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా పంపే పద్ధతి) ఉండాలి, పీసీల్లో అది మామూలుగా రాదు, పల్స్-ఎయిట్ అడాప్టర్ విడిగా పెట్టాలి. మీ అమ్మగారికి బాణాలు, ఓకే, బ్యాక్ నేర్పిస్తే చాలు.