అప్‌డేట్: బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు టైట్ ఎండ్‌లే ఎందుకవుతారు?

కాలేజీ బాస్కెట్‌బాల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) వచ్చినవాళ్లు ఎక్కువగా టైట్ ఎండ్‌గానే (పాస్‌లు పట్టడం, ప్రత్యర్థుల్ని అడ్డుకోవడం రెండూ చేసే ఆటగాడు) ఎందుకు రాణిస్తారని అడిగాను కదా. రీబౌండింగ్ (బుట్టలో పడని బంతిని అందుకోవడం) అలవాటే కారణమని మీరు చెప్పారు, ఆ మాటే సరైనది. ప్రత్యర్థిని వీపుతో, తుంటితో అడ్డుకుని బంతిని పైనే అందుకోవడం: ఫుట్‌బాల్‌లో గోల్ లైన్ దగ్గర పాస్ పట్టడానికి కావలసిందీ అదే. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ మాత్రమే ఆడిన ఆంటోనియో గేట్స్‌ని 2003 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) ఎవరూ తీసుకోలేదు. అయినా చార్జర్స్ జట్టుకి ఆడి 116 టచ్‌డౌన్ (గోల్ లైన్ దాటి చేసే స్కోరు) క్యాచ్‌లు పట్టాడు, టైట్ ఎండ్‌లలో రికార్డు అది! బాస్కెట్‌బాల్ నుంచే వచ్చిన మరో టైట్ ఎండ్ జిమ్మీ గ్రాహమ్ అయితే మయామీ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడింది ఒక్క ఏడాదే.

అసలు చిక్కు బ్లాకింగ్‌లో (ప్రత్యర్థిని నెట్టి ఆపడంలో). కోర్టు అలవాటుతో నిటారుగా లేస్తే డిఫెండర్ భుజాల కిందికి దూరి వెనక్కి నెట్టేస్తాడు. మోకాళ్లు వంచి, అరచేతులు అతని ఛాతీ మీద లోపలివైపు ఆనించాలి. ఇది వంటబట్టేదాకా కోచ్‌లు వాళ్లని బ్లాకర్ల లైన్‌కి దూరంగా, స్లాట్‌లో (లైన్‌కీ మైదానం అంచున నిలబడే రిసీవర్‌కీ మధ్య చోటు) నిలబెట్టడం మేలు.