కత్తిరించిన కొమ్మకు పేస్ట్ పూయాలా, వదిలేయాలా?

కొత్తచిగురు: నా దగ్గర దానిమ్మ, నిమ్మ పొదలున్నాయి. గాలివానకు దానిమ్మ కొమ్మ ఒకటి విరిగి, దాంతో పాటు కాండం బెరడు జానెడు మేర ఊడి వేలాడుతోంది. పేస్ట్ పూయమని కొందరు, ఏమీ పూయొద్దని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

మైలుతుత్తం: తప్పకుండా పూయండి. తెరిచి ఉన్న గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది. 10 శాతం బోర్డో పేస్ట్ చేసుకోండి: 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. రెండూ సగం సగం నీళ్లలో విడివిడిగా కలిపి, తర్వాత ప్లాస్టిక్ బకెట్లో ఒకటి చేయండి. ఇనుప పాత్ర వాడొద్దు. మెరిసే ఇనుప కత్తి కాసేపు ముంచి చూడండి, ఎర్రగా రాగి పట్టిందంటే ఇంకాస్త సున్నం పడాలి. ఆ రోజు చేసింది ఆ రోజే వాడేయాలి.

బెరడు: పేస్ట్ చేసే పద్ధతి సరిగ్గా చెప్పారు. కానీ ప్రతి కోతకూ పూయాలనే మాట నేను ఒప్పుకోను. మన చర్మంలా చెట్టు పాడైన భాగాన్ని బాగుచేసుకోదు. దాని చుట్టూ లోపల గోడ కట్టుకుని, అంచుల నుంచి కొత్త కణజాలం పెంచి కప్పేస్తుంది. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలోనే ఈ సంగతి వివరించారు. పైపూతలు కుళ్లును ఆపవని కూడా ఆయన గట్టిగా చెప్పారు. తారు, పెయింటు లాంటివైతే మరీ చేటు. ఎండకు పగుళ్లిస్తాయి, ఆ పగుళ్లలో దిగిన తడి ఆరదు.

అసలు చూసుకోవాల్సింది కోత ఎక్కడ పెడుతున్నామనేది. కొమ్మ కాండంతో కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది, గాయాన్ని కప్పే కణజాలం అక్కడి నుంచే వస్తుంది. ఆ ఉబ్బును వదిలి, కాస్త కొమ్మ వైపుగా కోయండి. కాండానికి ఆనించి కోస్తే ఆ ఉబ్బు పోతుంది. పొడుగ్గా మోడు వదిలితే అది ఎండి, కుళ్లు లోపలికి పాకుతుంది.

మైలుతుత్తం: మరి నిమ్మలో జిగురు కారు తెగులుకు మొదలు దగ్గర పేస్ట్ పూస్తాం కదండీ? అది పనిచేయడం కళ్లారా చూస్తూనే ఉన్నాం.

బెరడు: పనిచేస్తుంది, కాదనను. అక్కడ పేస్ట్‌లోని రాగి, ఆ తెగులు తెచ్చే ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి మీద మందులా పనిచేస్తోంది, గాయానికి మూతలా కాదు. తెగులు ఉన్నచోట, లేదా అది సోకే కాలంలో తప్పనిసరిగా కోయాల్సి వస్తే పూయండి. దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ తెగులు ఉంటే నేనూ పూయమంటాను, కాకపోతే సికేచర్‌ను (కొమ్మలు కోసే కత్తెరను) ఒక్కో మొక్కకూ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడం అంతకన్నా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న పొదను పొడి వాతావరణంలో పదునైన కత్తితో కోశాక ఏ పూతా అక్కర్లేదు.

కొత్తచిగురు: ఊడిన బెరడు సంగతి?

బెరడు: దాని లోపలి వైపు ఇంకా తడిగా ఉంటే ఇప్పుడే యథాస్థానంలో నొక్కి గుడ్డతో కట్టండి, అతుక్కోవచ్చు. కొన్ని వారాలకు కట్టు విప్పేయాలి. ఎండిపోయి ఉంటే వదులైనంత వరకే కోసి తీసేయండి. గట్టిగా పట్టుకున్న బెరడును తాకొద్దు, అంచులు నునుపు చేయాలని గాయాన్ని పెద్దది చేయొద్దు. బెరడు కాండం చుట్టూ పూర్తిగా లేచిపోతే మాత్రం ఆ పై భాగం బతకడం కష్టం. దానిమ్మ మొదలు నుంచి పిలకలు వేస్తుంది కాబట్టి ఆ కాండం తీసేసి, బలమైన పిలకను పెంచుకోవచ్చు. అంటు మొక్కయితే అంటుకు పైన వచ్చిన చిగురునే ఉంచాలి.

పొదరిల్లు: మీరిద్దరూ గాయమయ్యాక సంగతే మాట్లాడుతున్నారు. పొదలను ఎక్కువగా దెబ్బతీసేది మొదలు దగ్గర తగిలే కలుపు కోసే యంత్రం తీగ! గడ్డి చాటున తగిలేది ఎవరికీ కనిపించదు. మొదలు చుట్టూ రెండడుగుల మేర గడ్డి లేకుండా ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు ఎడం ఉంచండి. ఆసరా కర్రకు కట్టేటప్పుడు నైలాన్ తాడు కాకుండా మెత్తటి గుడ్డను ఎనిమిది అంకెలా తిప్పి కట్టండి.

మైలుతుత్తం: ఇది ఒప్పుకుంటాను. వానాకాలంలో పెద్ద కోతకు మాత్రం నేను పేస్ట్ పూయడం మానను.