ఆర్‌ఎక్స్-7లో టర్బో ఇంజిన్ వేశాక యాక్సిలరేటర్ తొక్కితే కట్ అవుతోంది, దయచేసి సాయం చేయండి

రోటరీబండి:
అందరికీ నమస్కారం. నా మాజ్డా ఆర్‌ఎక్స్-7 (పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లుండే రోటరీ ఇంజిన్ కారు)లో మామూలు ఇంజిన్ దించేసి టర్బో ఇంజిన్, డ్రైవ్‌ట్రెయిన్ మొత్తం ఎక్కించాను. సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, ఐడిల్ కూడా నిలకడగానే ఉంది. కానీ రోడ్డెక్కి యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కితే చాలు, ఎవరో తాళంచెవి తిప్పేసినట్లు ఇంజిన్ ఒక్కసారిగా కట్ అయి, పాదం తీయగానే మళ్లీ అందుకుంటోంది. ఉదయం నుంచి తొమ్మిది గంటలుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేశాను, కాయిళ్లు మార్చి చూశాను, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాను, ఇంజెక్టర్ల రెసిస్టెన్స్ కొలిచాను. వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), ఎయిర్‌ఫ్లో మీటరు అన్నీ టర్బో బండివే. ఇంకా ఏం మిగిలిందో నాకు తోచడం లేదు.

ఎర్త్‌వైర్:
ఎర్త్ వైర్లు విప్పి, గీకి, మళ్లీ బిగించండి. 3,800 ఆర్‌పీఎం దగ్గర తడబడే ఎఫ్‌సీలకు (రెండో తరం ఆర్‌ఎక్స్-7లకు) మొదటి మందు అదే.

పినియన్:
మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక మాట అడగాలి. "డ్రైవ్‌ట్రెయిన్ మొత్తం" అన్నారు కదా, వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకు బలాన్ని పంచే గేర్ల పెట్టె) కూడా మార్చారా? చాలామంది గేర్‌బాక్స్ మార్చి డ్రైవ్‌ట్రెయిన్ మార్చామని రాస్తారు, అక్కడే ప్రమాదం మొదలవుతుంది. ఈ తరం ఆర్‌ఎక్స్-7లో మాజ్డా టర్బో బండికి గేర్‌బాక్స్ వేరేది, ప్రొపెల్లర్ షాఫ్ట్ వేరేది, డిఫరెన్షియల్ కూడా పెద్దది పెట్టింది. మామూలు బండి డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం, అంటే క్రౌన్ వీల్, వ్యాసం 7 అంగుళాలైతే టర్బో బండిది 8 అంగుళాలు, వెనక చక్రాలకు పోయే యాక్సిల్ షాఫ్టులు కూడా లావువే. తొలి విడత బండ్లలో మామూలు ఇంజిన్ టార్క్ 138 పౌండ్-అడుగులు, టర్బోది 183. పాత డిఫరెన్షియల్ ఆ బరువును కొన్నాళ్లు మోయవచ్చు, కానీ రెండో గేరులో క్లచ్ ఒక్కసారిగా వదిలిన రోజున దాన్ని తిప్పే చిన్న గేరు, అంటే పినియన్, పళ్లు రాలిపోతే దారి మధ్యలో నిలబడేది మీరే. అందుకే ముందు కింద ఏముందో చెప్పండి.

రోటరీబండి:
గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ టర్బో బండివి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మాత్రం ముందు భాగం టర్బోది, వెనక ఫ్లాంజ్ పాతది తీసుకుని లేత్ వాళ్లతో కలిపించి బ్యాలెన్స్ చేయించాను. డిఫరెన్షియల్ పాతదే. కానీ నా సమస్య అది కాదండీ, ఇంజిన్ కట్ కావడం.

పినియన్:
అలాగైతే డ్రైవ్‌ట్రెయిన్ మొత్తం మార్చలేదన్నమాట. క్లచ్ దగ్గర మొదలై చక్రం దాకా బలాన్ని మోసుకెళ్లే భాగాలన్నీ కలిస్తేనే డ్రైవ్‌ట్రెయిన్. మాట సరిగా లేకపోతే సలహా కూడా తప్పు చోటికి పోతుంది కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

కొత్తగ్యారేజీ:
క్షమించాలి, నాదొక సందేహం. ఇంత కష్టపడే బదులు పాత ఇంజిన్‌కే టర్బో బిగించి ఉండవచ్చు కదా? రెండూ 13బీ ఇంజిన్లే అంటారు.

పినియన్:
పేరు ఒకటే అయినా లోపలి రోటర్లు వేరు. 1986 నుంచి 1988 వరకు వచ్చిన మామూలు 13బీ కంప్రెషన్ నిష్పత్తి 9.4, అదే కాలపు టర్బోది 8.5. పక్క హౌసింగుల్లోని ఇన్‌టేక్ పోర్టులు మామూలు దానికి ఆరు, టర్బోకు నాలుగు. ఎక్కువ కంప్రెషన్ మీద బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి పీడనం) పెట్టినవాళ్లు లేకపోలేదు, కానీ ఇంధనం, టైమింగ్ రెండింటినీ కొత్తగా ట్యూన్ చేయకుండా ఆ పని చేస్తే నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, వస్తుంది. రోటరీ ఇంజిన్ నాకింగ్‌ను ఏమాత్రం ఓర్చుకోదు, రోటర్ మూలన ఉండే అపెక్స్ సీల్ విరిగి ముక్క హౌసింగ్‌ను గీరుకుంటూ పోతుంది. ఆ గీత పడ్డ హౌసింగ్‌ను నేను చేత్తో తడిమి చూశాను, గోరు దిగేంత లోతు ఉంది.

మల్టీమీటర్:
రోటరీబండి గారూ, అసలు సంగతికి వద్దాం. మీరు రాయనివి కొన్ని కావాలి. బాడీ ఏ సంవత్సరానిది, ఇంజిన్ ఏ సంవత్సరానిది? కట్ అవుతున్నది ఎంత ఆర్‌పీఎం దగ్గర? న్యూట్రల్‌లో పెట్టి మెల్లగా రేస్ ఇస్తే కూడా కట్ అవుతోందా? ఎర్త్‌లు శుభ్రం చేశారా? ఇవి తెలియకుండా ఎవరేం చెప్పినా ఊహే అవుతుంది.

రోటరీబండి:
అవి ముఖ్యమని అనుకోలేదు, మన్నించండి. బాడీ 1987, ఇంజిన్ 1988. ఎర్త్‌వైర్ గారు చెప్పినట్లు ఇంజిన్ మీది ఎర్త్ పాయింట్లూ, బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే తీగా విప్పి సాండ్‌పేపర్‌తో రుద్దాను. ఒకదాని కింద పచ్చటి చిలుము పొరలా పేరుకుని ఉంది. ఐడిల్ ఇంకాస్త నునుపైంది గానీ కట్ కావడం మాత్రం పోలేదు. న్యూట్రల్‌లో మెల్లగా రేస్ ఇస్తే 5,000 దాకా ఆటంకం లేకుండా ఎక్కుతోంది. రోడ్డు మీద మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే మాత్రం 2,500 దగ్గరే కట్ అవుతోంది. చదును దారిలో మెల్లగా పోతే 4,000 దాటినా ఏమీ కాదు.

ఎర్త్‌వైర్:
అయితే ఇంకో ఎర్త్ మిగిలిపోయి ఉంటుంది. 3,800 హెజిటేషన్ ఒకోసారి కిందకీ జారుతుంది.

మల్టీమీటర్:
ఎర్త్‌వైర్ గారితో ఇక్కడ ఏకీభవించలేను. మనం రెండు వేర్వేరు జబ్బులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. 3,800 దగ్గర వచ్చే హెజిటేషన్ అంటే, ఈసీయూ రెండో జత ఇంజెక్టర్లను కలుపుకునే సమయంలో తడబడి, ఆ మెట్టు దాటాక మళ్లీ సర్దుకోవడం. అది ఆర్‌పీఎంతో ముడిపడిన జబ్బు. రోటరీబండి గారి బండి న్యూట్రల్‌లో 5,000 దాకా ఎక్కుతోంది, ఎత్తు మీద 2,500 దగ్గరే కట్ అవుతోంది, మెల్లగా పోతే 4,000 దాటినా ఏమీ కావడం లేదు. అంటే ఇది ఆర్‌పీఎంను బట్టి వచ్చేది కాదు, లోడును బట్టి వచ్చేది. దాని పేరు ఫ్యూయల్ కట్.

లోడు పెరిగితే మారేది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనం. ఐడిల్‌లోనూ, మెల్లగా రేస్ ఇచ్చినప్పుడూ అక్కడ వ్యాక్యూమ్ ఉంటుంది. థ్రాటిల్ బాగా తెరిస్తే ఆ పీడనం బయటి వాతావరణ పీడనం దాకా వస్తుంది, టర్బో తిరిగితే దాన్నీ దాటుతుంది. బూస్ట్ హద్దు మీరితే ఇంజిన్‌ను కాపాడడానికి టర్బో ఈసీయూ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. మీ కాలపు బండిలో ఆ హద్దు సుమారు 8.6 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల పీడనం). మీరు 2,500 దగ్గర అంత బూస్ట్ తెచ్చుకునే అవకాశం లేదు. కాబట్టి లేని బూస్ట్ ఉందని ఈసీయూకు ఎవరో తప్పుడు కబురు చెబుతున్నారు.

ఆ కబురు పంపేది ప్రెషర్ సెన్సరు. అది ఇంజిన్ మీద ఉండదు, బాడీకి బిగించి ఉంటుంది, సన్నటి రబ్బరు గొట్టం ఒక్కటే మానిఫోల్డ్ నుంచి దానిదాకా వెళ్తుంది. ఇంజిన్, వైరింగ్, ఈసీయూ మార్చినవాళ్లు దాన్ని అలాగే వదిలేస్తారు, ఎందుకంటే ఇంజిన్ దించినప్పుడు అది ఇంజిన్‌తో పాటు రాదు. మామూలు బండి సెన్సరు వ్యాక్యూమ్ నుంచి వాతావరణ పీడనం దాకానే కొలవాలి కాబట్టి దాని వోల్టేజీ ఆ చివరకే దాదాపు పూర్తిగా పెరిగిపోతుంది. టర్బో సెన్సరు అదే వోల్టేజీ పరిధిలో బూస్ట్‌ను కూడా ఇమడ్చాలి కాబట్టి వాతావరణ పీడనం దగ్గర అది ఇంకా మధ్యలోనే ఉంటుంది. మామూలు సెన్సరు పంపిన పెద్ద వోల్టేజీని టర్బో ఈసీయూ చదివితే దానికి అది భారీ బూస్ట్‌గానే కనబడుతుంది. కట్ చేయక ఏం చేస్తుంది?

ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, సెన్సరు నుంచి గొట్టం పీకి, సిగ్నల్ తీగ దగ్గర వోల్టేజీ కొలవండి. ఈసీయూ ఇచ్చే 5 వోల్టులకు దగ్గరగా కనిపిస్తే అది పాత సెన్సరే. దయచేసి సిగ్నల్‌ను రెసిస్టర్‌తో తగ్గించి నడపకండి. అలా చేస్తే కట్ ఆగుతుంది, కానీ దానితో పాటు కాపలా కూడా పోతుంది. ట్యాంకులో ఉన్న ఫ్యూయల్ పంపు కూడా బాడీతోపాటే ఉండిపోయి ఉంటుంది కదా. పాత పంపు టర్బో ఇంజిన్‌కు చాలకపోతే బూస్ట్‌లో ఇంధనం తగ్గి మిశ్రమం పలచబడి, పినియన్ గారు చెప్పిన సీల్ విరగడం నిజంగానే జరుగుతుంది.

ఎర్త్‌వైర్:
ఒప్పుకుంటున్నాను. న్యూట్రల్ సంగతి నేను గమనించలేదు. అయినా ఎర్త్‌లు శుభ్రం చేయడం వృథా కాదు.

రోటరీబండి:
సెన్సరు పాతదే. దాన్ని బాడీలో భాగమని అనుకుని తాకనే లేదు. గొట్టం పీకి కొలిస్తే మీరన్నట్లే వోల్టేజీ పైన ఉంది. పంపు కూడా పాతదే.

పినియన్:
పంపు మార్చేవరకు బూస్ట్‌లో నడపవద్దని నేనూ చెబుతున్నాను. సెన్సరు సరైనది పెట్టగానే కట్ ఆగి బండి ఉత్సాహంగా లాగుతుంది, అసలు అపాయం ఆ ఉత్సాహంలోనే ఉంది. ఇన్నాళ్లూ కట్ కావడమే మీ డిఫరెన్షియల్‌నూ కాపాడింది.

రోటరీబండి (నాలుగు రోజుల తర్వాత):
టర్బో సెన్సరు వేశాను, పంపు కూడా మార్చాను. కట్ కావడం పోయింది. ధన్యవాదాలు.

పినియన్:
సంతోషం. డిఫరెన్షియల్ ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి పట్టిన రజను చూడండి. మెత్తటి బూడిదలా ఉంటే ఫరవాలేదు, వేళ్ల మధ్య గరుకుగా తగిలే ముక్కలుంటే మాత్రం దయచేసి ఇక్కడ రాయండి.