ఫ్లోరైడ్ నీళ్లకు స్టార్టప్‌లు మందు పెడతాయా?

పొదిలి బస్సు: వాతావరణమైనా, జబ్బులైనా, నీళ్లైనా ప్రభుత్వాల వల్ల కాదు, స్టార్టప్‌లే తేలుస్తాయని మా ఆఫీసులో ఒకటే పాట. సరే, మన నీళ్ల సంగతే చూద్దాం. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లను చూసే. ఇన్నేళ్లలో ఏ పెట్టుబడిదారుడూ ఇటు తొంగి చూడలేదే?

కావలి రొయ్య: చూడకేమన్నా! కనిగిరి వైపు ఇవాళ జనం తాగేది ఆర్‌ఓ (సన్నటి పొరతో నీళ్లు వడకట్టే) ప్లాంటోడి క్యాను నీళ్లే గదా. నాలుగు డబ్బులు మిగులుతాయి కాబట్టే వాడు ఆటోలో గుమ్మం దాకా తెస్తన్నాడు. పంచాయతీ పంపు బాగుచెయ్యమని అర్జీ పెట్టి చూడు, తెలుస్తది. మా రొయ్యల గుంటల కాడా అంతే. 2009లో వనామీ అనే బయటి రకం రొయ్య వచ్చాక సీడు (రొయ్య పిల్లలు), మేత, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు, ఆక్సిజన్ ఎంతుందో ఫోన్లో చూపించే మీటర్లు, అన్నీ ప్రైవేటోళ్లవే.

పొదిలి బస్సు: వనామీ దానంతటది వచ్చిందా తమ్ముడూ? అంతకుముందు పెంచిన టైగర్ రొయ్య తెల్లమచ్చ వైరస్‌తో ఎట్టా పోయిందో మీకే బాగా తెలుసు. అందుకే బయటి దేశాల తల్లి రొయ్యల్ని చెన్నైలో ప్రభుత్వ క్వారంటైన్‌లో పెట్టి, పరీక్షించాకే పిల్లల్ని పుట్టించే హేచరీలకు వదులుతున్నారు. ఆ ఖర్చు ఏ స్టార్టప్ పెట్టుకుంటుంది?

ఒంగోలు మేష్టారు: ఇద్దరూ సగమే చెబుతున్నారు. పనికొచ్చే ఆర్‌ఓ పొరను చేసింది లోబ్, మన సౌరిరాజన్ అనే శాస్త్రవేత్తలు. 1960 ప్రాంతంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అదీ ప్రజల సొమ్ముతో. దాన్ని మన వీధి చివరికి తెచ్చింది మాత్రం కంపెనీల పోటీయే, కాదనలేం. కానీ క్యాను కొనలేని ఇంట్లో పప్పు ఉడికేది బోరు నీళ్లతోనే. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టాక వంగిన నడుము మళ్లీ నిటారు కాదు. చిన్నప్పుడే మంచినీళ్లు అందాలి, అదీ అందరికీ. డబ్బివ్వలేనివాడు కంపెనీ కంటికి గిరాకీ కిందకే రాడు. ఇంకోటి, తీసిన ఫ్లోరైడంతా ప్లాంటు వదిలేసే నీళ్లలో చేరుతుంది. వాటిని కాలవలోకి వదిలితే మళ్లీ ఎక్కడికి ఇంకుతాయి?

కావలి రొయ్య: అయితే కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొచ్చేదాకా క్యాను మానేద్దామా మేష్టారూ? దానికి శంకుస్థాపన 1996లో.

ఒంగోలు మేష్టారు: మానమనలేదయ్యా. ఆ వదిలేసే నీళ్లకు ప్లాంటోణ్ణి లెక్క అడగమంటున్నా. అడగాల్సింది నువ్వు తిట్టే పంచాయతీయే.