‘షుల్హాన్ అరూఖ్’ను ‘వడ్డించిన విస్తరి’ అనవచ్చునా?

యూదుల ధర్మశాస్త్ర గ్రంథం ‘షుల్హాన్ అరూఖ్’ పేరును తెలుగులో ‘వడ్డించిన విస్తరి’ అనవచ్చునని ఒక మిత్రుడు చేసిన సూచన నన్ను ఆలోచింపజేసింది. హీబ్రూలో ‘షుల్హాన్’ అంటే బల్ల. ‘అరూఖ్’ అంటే అమర్చి సిద్ధం చేసినది. యూదు పండితుడు యోసేఫ్ కారో నేటి ఇజ్రాయెల్‌లోని సఫేద్ పట్టణంలో ఉండగా రచించిన ఈ గ్రంథం 1565లో వెనిస్‌లో అచ్చయింది. అంతకుముందు ‘బేత్ యోసేఫ్’ అనే బృహద్వ్యాఖ్యలో ఆయన ప్రతి విధికీ మూలాలనూ, పూర్వుల వాదోపవాదాలనూ ఎత్తిచూపాడు. ‘షుల్హాన్ అరూఖ్’లోనైతే వాదాలన్నిటినీ పక్కనపెట్టి, తేలిన నిర్ణయాన్ని మాత్రమే చెప్పి, నెలకొకసారి మొత్తం చదువుకొనేందుకు వీలుగా ముప్పై భాగాలు చేశాడు. వండే శ్రమ మరొకరు పడగా తినడమే మిగిలిన స్థితిని మన జాతీయం చక్కగా పట్టిస్తుంది. పైగా 23వ కీర్తనలో ఈ రెండు మాటల ధాతువులే ఉన్న చోట, తెలుగు బైబిలు అనువాదకులు బల్లను వదిలి ‘నాకు భోజనము సిద్ధపరచుదువు’ అన్నారు కనుక, ఆ దారిలో మనకు పూర్వప్రమాణం కూడా ఉంది.

అయినా నేను ఆ సూచనను అంగీకరించలేకపోతున్నాను. కారణం, ఆ గ్రంథం మీద వచ్చిన వ్యాఖ్య పేరు. కారో నిర్ణయాలు ఎక్కువగా స్పెయిను నుంచి వెళ్లగొట్టబడిన సెఫార్దీ యూదుల సంప్రదాయాన్ని అనుసరించాయి; పోలండు, జర్మనీ ప్రాంతాల అష్కెనాజీ ఆచారాలకు వాటిలో తగినంత చోటు దక్కలేదు. ఆ లోటు పూరించడానికి క్రాకో నగర పండితుడు మోషే ఇస్సర్లెస్ రాసిన వ్యాఖ్యే ‘మప్పా’, అంటే బల్లమీద పరిచే గుడ్డ. లాటిన్‌లోనూ ఉన్న ఈ మాట నుంచే మనం వాడే ‘మ్యాప్’ వచ్చింది. నేటి హీబ్రూలో ‘మప్పా’ అంటే బల్లగుడ్డ, దేశపటం రెండూ.

ఆ వ్యాఖ్యతో కూడిన తొలి ముద్రణ 1569–71 మధ్య క్రాకోలో వెలువడింది. నేడు అరుదైన ఆ ముద్రణలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది దాని కూర్పు. ఇస్సర్లెస్ కారో వాక్యాలను తుడిచివేయక, అవసరమైన చోట వాటి నడుమనే తన మాట చేర్చాడు. పులిసిన ఆహారం మానివేసే పస్కా పండుగ నాళ్లలో వరి అన్నమూ పప్పుధాన్యాలూ తినవచ్చునని కారో చెప్పగా, నిషేధించేవారు ఉన్నారనీ, అష్కెనాజీల ఆచారం అదేననీ, దానిని మార్చరాదనీ ఇస్సర్లెస్ జతచేశాడు. రెండు తీర్పులూ ఒకే పుటలో నిలిచాయి. తర్వాతి ముద్రణల్లో కారో మాటలకు చదరపు హీబ్రూ అక్షరాలూ, ఇస్సర్లెస్ మాటలకు రషీ లిపి అనే మరో తీరు హీబ్రూ అక్షరాలూ వాడడం స్థిరపడింది కనుక, ఎవరి మాట ఏదో చదువరికి చూడగానే తెలుస్తుంది.

ఇప్పుడు విస్తరి సంగతి చూద్దాం. బల్లమీద గుడ్డ పరిస్తే బల్ల భోజనానికి మరింత అనువవుతుంది. వడ్డించిన విస్తరి మీద గుడ్డ వేస్తే అన్నం కప్పబడిపోతుంది. వ్యాఖ్య మూలాన్ని కప్పివేసిందన్న అర్థం వస్తుంది, ఇస్సర్లెస్ చేసినది అందుకు పూర్తిగా విరుద్ధం. మూలాన్ని ఒంటరిగా ప్రస్తావించే చోట ‘వడ్డించిన విస్తరి’ అని వివరణగా చెప్పుకోవచ్చు గాని, రెండు గ్రంథాలనూ కలిపి చెప్పేటప్పుడు ‘అమర్చిన బల్ల’, ‘బల్లగుడ్డ’ అనే జంటనే వాడాలని నా ప్రతిపాదన.